నల్ల నూనె మీద ఇల్జామ్

డీజిల్ బండికి కొత్త ఇంజన్ ఆయిల్ పోయించినప్పుడు చూడండి, తేనె రంగులో మెరుస్తుంటుంది. నాలుగు రోజులు నడిపి, గేజ్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీయండి. కాటుకలా వుంటుంది. పెట్రోల్ బండి నడిపినవాళ్లకి ఇది కొత్త. వాళ్ల గేజ్ మీద ఆయిల్ చాలా రోజులు గోధుమ రంగులోనే కనిపిస్తుంది. అందుకే మొదటిసారి డీజిల్ బండి కొన్న మనిషి ఆ నలుపు చూసి నేరుగా మిస్త్రీ దగ్గరకు పోతాడు. "ఏం భాయ్, పాత నూనెనే మళ్ల పోసినవా?"

ఇది మిస్త్రీ మీద మొదటి ఇల్జామ్. రెండోది కూడా వుంది. కంపెనీ బుక్కులో పది వేల కిలోమీటర్లు అని రాసి వుంటే, మిస్త్రీ ఐదు వేలకే మార్చమంటాడు. డబ్బా మీద కమీషన్ కోసమేనని లోపల షక్. ఈ రెండు నిందలూ నేను చాలా చోట్ల విన్నాను. విన్న ప్రతిసారీ కొంచెం గుచ్చుకుంటుంది కూడా. ఎందుకంటే మన షహర్‌లో ఆ షెడ్డు కింద పానా పట్టుకుని పడుకుని వుండే మనిషి చాలాసార్లు మనవాడే. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్ట్ ముస్లిం కార్మికులు ఎక్కువగా కనిపించే పనుల జాబితాలో బండ్ల రిపేరును కూడా చేర్చింది. రిపోర్ట్ చూడకపోయినా ఏ బస్తీలో పిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు, బడి మానేసినవాళ్లు ఎక్కడికి పోయారో.

మిస్త్రీలంతా ఫరిష్తాలని నేననను. వాడేసిన ఆయిల్‌ని వడగట్టి కొత్త డబ్బాలో నింపి అమ్మే ధందా వుంది, అది నకిలీ మందుల ధందా లాంటిదే. కానీ ఈ రెండు ఇల్జామ్‌ల సంగతి వేరు. వీటికి జవాబు మిస్త్రీ ఇమాన్‌దారీలో కాదు, నూనె తారీఖ్‌లో వుంది. తారీఖ్ అంటే తెలుగులో తేదీ ఒక్కటే. ఉర్దూలో అదే మాటకి చరిత్ర అనే అర్థం కూడా వుంది. ఆయిల్ మార్చినప్పుడు మిస్త్రీ ఓ చిన్న కార్డు మీద రాసి స్టీరింగ్‌కి వేలాడదీసే తారీఖు వెనక కూడా ఓ పెద్ద తారీఖ్ వుంది.

అసలు ఆయిల్ మార్చడం అనేదే మరీ పాత పని కాదు. మొదటి మషీన్లలో నూనె బొట్లు బొట్లుగా పడేది, రాపిడి దగ్గర తన పని చేసి కారిపోయేది. పోయినంత మళ్లీ పోసేవాళ్లు. మన ఎడ్లబండి ఇరుసుదీ అదే పద్ధతి. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసి పూసేవాళ్లు. గమనించండి, అక్కడ మసిని కావాలనే కలిపేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజన్లు కొన్ని ఆముదంతోనే తిరిగాయి. గిర్రున తిరిగే ఆ రోటరీ ఇంజన్లలో నూనె మళ్లీ వాడకానికి రాదు, పొగతోపాటు బయటికి పోయేది. ఆముదం పెట్రోల్‌లో సులువుగా కలవదు, అందుకే దాన్ని ఎంచుకున్నారు. కాస్ట్రాల్ అనే పేరు ఆముదం ఇంగ్లీషు పేరులోంచే వచ్చింది. ఆ రోజుల్లో ఆముదం బాగా పండిన ప్రాంతాల్లో హైదరాబాద్ రియాసత్ ఒకటి. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఆముదం వేసిన రైతుకి ఆకాశంలో దాని అవసరం ఏమిటో ఎవరు చెప్పి వుంటారు?

ఇంజన్ కింద మూసిన చాంబర్ వచ్చి, అదే నూనె పైకి ఎక్కుతూ కిందికి దిగుతూ తిరగడం మొదలయ్యాకే నూనెకి ఉమ్ర్ అనేది వచ్చింది. వయసు మళ్లాక దాన్ని దింపెయ్యాలి. 1920ల్లో మోటారు కార్లకి ఐదొందల మైళ్లకో, వెయ్యి మైళ్లకో ఆయిల్ మార్చేవాళ్లు. నూనె వడగట్టే ఫిల్టర్ అమెరికాలో 1923 నాటిది. అంతకుముందు ఇంజన్లో పడ్డ దుమ్మూ లోహపు పొడీ నూనెతోపాటు తిరుగుతూ వుండాల్సిందే.

ఇక డీజిల్. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ కార్ఖానాలో రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ని 1897లో సరిగ్గా నడిపించి చూపాడు. అందులో నిప్పురవ్వ వుండదు. గాలిని గట్టిగా నొక్కితే అది కొలిమిలా వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నూనెని తుంపరగా చిమ్మితే అదే అంటుకుంటుంది. ప్రతి తుంపరా పైనుంచి లోపలికి కాలుతుంది. మధ్యలో వున్నదానికి సరిపడా గాలి అందకపోతే అది మసిగా మారుతుంది. వత్తి పెద్దది చేస్తే లాంతరు చిమ్నీ నల్లబడినట్టే. ఆ మసిలో ఎక్కువ భాగం సైలెన్సర్‌లోంచి పోతుంది, కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి కిందున్న ఆయిల్‌లో కలుస్తుంది.

మొదట్లో ఇది పెద్ద ముసీబత్ అయింది. 1931లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ వాళ్లు డీజిల్ ట్రాక్టర్లు తెచ్చారు. ఆ రోజుల్లో ఆయిల్ అంటే శుద్ధి చేసిన ఖనిజ నూనె, అందులో ఇంకేమీ కలిపేవాళ్లు కాదు. మసి, మాడిన నూనె కలిసి పిస్టన్ గాడుల్లో రాయిలా గడ్డకట్టేవి. రింగులు గాడిలో ఇరుక్కుని కదిలేవి కావు, ఇంజన్ జోరు పడిపోయేది. ఇంజన్ విప్పి గీకడం తప్ప ఇలాజ్ లేదు. 1935లో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా కంపెనీ డెలో అనే నూనె తెచ్చింది. డీజిల్ ఇంజన్ కందెన నూనె అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. అందులో సబ్బులాంటి గుణం వున్న మందు కలిపారు. అది పిస్టన్‌ని కడిగి, మసిని గోడకి అంటకుండా నూనెలోనే ఉంచుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫౌజ్ తన బండ్లన్నిటికీ ఇలాంటి నూనే వుండాలని నియమం పెట్టాక, మిగతా దునియా కూడా అదే దారి పట్టింది.

ఇక్కడే వుంది మలుపు. పాత నూనె తక్కువ నల్లగా కనిపించేది, ఇంజన్ లోపల మాత్రం మసి గడ్డకట్టేది. కొత్త నూనె త్వరగా నల్లబడుతుంది, ఇంజన్ లోపల సాఫ్ వుంటుంది. చాకలి తొట్టిలో నీళ్లు తేటగా వున్నాయంటే బట్టలు ఉతకలేదనే కదా. నాలుగు రోజులకే నల్లబడిన నూనె మిస్త్రీకి వ్యతిరేకంగా గవాహి కాదు, ఆయన తరఫున గవాహి.

ఉర్దూ చదువుకున్నవాళ్లకి దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. సియాహి అంటే నలుపు, సియాహి అంటే సిరా. పాత కాలపు ఖత్తాత్‌లు దీపం మసి పట్టి, దాన్ని తుమ్మజిగురు కలిపిన నీళ్లలో నూరి సిరా చేసుకునేవాళ్లు. ఒట్టి నీళ్లలో మసి వేస్తే కాసేపటికి గడ్డలు కట్టి అడుగున కూర్చుంటుంది. జిగురు ఆ మసి రేణువుల్ని ఒకదానికొకటి అంటకుండా పట్టి ఉంచుతుంది. అందుకే కలం సాఫీగా నడుస్తుంది. డీజిల్ ఆయిల్‌లో కలిపే మందు చేసేది కూడా సుమారుగా ఇదే పని. మసిని నూనెలో తేలుతూ ఉంచడం, పోగు కాకుండా చూడటం. ఖత్తాత్ చేతిలో వున్న ఇల్మే మిస్త్రీ చేతిలో ఇంకో రూపంలో వుంది. ఒకరి వేళ్ల మీది నలుపుకి ఇజ్జత్ దక్కింది, ఇంకొకరికి దక్కలేదు, అంతే.

మరి నలుపు చూసి మార్చకూడదంటే ఎప్పుడు మార్చాలి? ఇక్కడికొచ్చేసరికి రెండో ఇల్జామ్ మొదలవుతుంది. దీని వెనక కథ మసిది కాదు, గంధకానిది.

భూమిలోంచి తీసిన చమురులో గంధకం సహజంగా వుంటుంది. రిఫైనరీలో తీసెయ్యకపోతే అది డీజిల్‌తోపాటు ఇంజన్లో కాలుతుంది. అందులో కొంచెం భాగం నీటి ఆవిరితో కలిసి తేజాబ్ అవుతుంది. అచ్చంగా గంధకామ్లం. సిలిండర్ గోడల్ని, బేరింగుల్ని అది మెల్లగా తింటుంది. దానికి విరుగుడుగా ఆయిల్‌లో క్షారం కలుపుతారు. ఆ క్షారంలో ముఖ్యమైనది కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో వుండే పదార్థమే. తేజాబ్ పుట్టినప్పుడల్లా ఈ చూనా దాన్ని చంపుతుంది, తానూ ఖర్చవుతుంది. చూనా అయిపోయాక నూనె చూడ్డానికి అలాగే వుంటుంది, జారుడుగానే వుంటుంది, కానీ లోపల కాపలా లేదు. ఆయిల్ గడువులో పెద్ద భాగం ఈ హిసాబే. వేళ్ల మధ్య రుద్ది చూస్తే తెలిసేది కాదిది.

ఇప్పుడు మన డీజిల్ చూద్దాం. 1954లో టాటావాళ్లు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు తయారుచేయడం మొదలుపెట్టారు. 1955లో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. అప్పటినుంచి దాదాపు నలభై ఏళ్లు లారీ, బస్సు, జీపు, ఆ తర్వాత డీజిల్ అంబాసిడర్ మన రోడ్ల మీద తిరిగిన దౌర్ అంతా ఒకలాంటి డీజిల్‌తోనే గడిచింది. 1990ల మధ్యదాకా మన దేశంలో డీజిల్‌లో గంధకం ఒక శాతందాకా వుండొచ్చు. ఒక శాతమేగా అనుకోకండి. రెండొందల లీటర్ల లారీ ట్యాంకులో అది కిలోన్నర దాటుతుంది. ఒక్క ట్యాంకులో కిలోన్నర గంధకం! దానికి ఓవర్‌లోడ్ కలపండి, మట్టిరోడ్ల దుమ్ము కలపండి, డీజిల్‌లో కిరోసిన్ కల్తీ కలపండి. ఆ హాలత్‌లో "ఐదు వేలకే మార్చు బిడ్డా" అన్న ఉస్తాద్ మాట లాలచ్ కాదు. తజుర్బా. ఇంజన్ విప్పిన ప్రతిసారీ అరిగిన లైనర్లు, గుంటలు పడిన బేరింగులు చూసి చూసి ఆయన చేతికి తెలిసిన సంగతి అది. కెమిస్ట్రీ పేరు ఆయనకి మాలూమ్ లేకపోవచ్చు, దాని నతీజా మాత్రం బాగా మాలూమ్.

తర్వాత డీజిల్ మారింది. ఢిల్లీ గాలి గురించి సుప్రీంకోర్టులో నడిచిన కేసులు, సర్కార్ పెట్టిన భారత్ స్టేజ్ నియమాలు అన్నీ కలిసి గంధకాన్ని తగ్గిస్తూ వచ్చాయి. పెద్ద నగరాల్లో 1996లో సగానికి, 2000 వచ్చేసరికి దేశమంతా పావు శాతానికి. ఆ తర్వాత లెక్క శాతాల్లోంచి పది లక్షల్లో వంతులకి మారింది. 500, 350, 50. చివరికి 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6తో పది లక్షల్లో పది వంతులు. ఇప్పుడు అదే రెండొందల లీటర్ల ట్యాంకులో గంధకం రెండు గ్రాములు కూడా వుండదు. కిలోన్నర నుంచి రెండు గ్రాములలోపుకి. పాతికేళ్లలో.

ఇందులో మన దగ్గరి విచిత్రం ఒకటుంది. 2010 ఏప్రిల్‌లో పదమూడు నగరాలకి 50 వంతుల డీజిల్ వచ్చింది, అందులో హైదరాబాద్ ఒకటి. మిగతా జిల్లాలకి వచ్చింది 350 వంతులది. దేశమంతా ఒకటయ్యింది 2017లో. అంటే ఓ ఏడేళ్లు షహర్‌లో డీజిల్ కొట్టించిన బండి తాగిందొకటి, ఊరు దాటి నల్లగొండ దారిలో కొట్టించిన బండి తాగింది ఇంకొకటి. రెండు బండ్లూ ఒకే కంపెనీవి, ఒకే బుక్కు. బంకు దగ్గర ఈ ఫర్క్ గురించి బోర్డు పెట్టినవాళ్లెవరూ నాకు కనిపించలేదు. మిస్త్రీకి ఎవరు చెప్తారు? నియమాలు గెజెట్‌లో వచ్చాయి, గెజెట్ ఇంగ్లీషులో, హిందీలో వచ్చింది. ఉస్తాద్ పాత హిసాబ్‌లోనే వుండిపోయాడు. డీజిల్ మారిన సంగతి ఆయనకి చెప్పకుండా, మారలేదని ఆయన్నే బేఇమాన్ అన్నాం.

జబాన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. ఇదే షహర్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, మరుసటి ఏడాది ఉస్మానియా యూనివర్సిటీ తెరిచి, సైన్సు మొత్తాన్ని ఉర్దూలో చెప్పడానికి వేల మాటలు పుట్టించారు. ఆ ఇస్తలాహ్‌లు క్లాసు గదుల్లో మోగాయి. షెడ్డు కిందికి మాత్రం రాలేదు. షెడ్డు తన మాటలు తానే చేసుకుంది. చాంబర్, పానా, రింగు, బోరు, పుర్జా. ఇంజన్ ఆయిల్‌ని మా పెద్దవాళ్లు మోబిలాయిల్ అనేవాళ్లు. అది అమెరికా వాక్యూమ్ ఆయిల్ కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరు, ఏ కంపెనీ నూనె అయినా జనం నోట్లో అదే. ఉస్తాద్ నుంచి షాగిర్ద్‌కి ఇల్మ్ ఈ మాటల్లోనే పోయింది. హునర్ దిగింది, దాని వజహ్ దిగలేదు.

వజహ్ చెప్పకపోయినా పద్ధతి మాత్రం సహీగానే దిగిందని ఒప్పుకోవాలి. ఉస్తాద్ ఆయిల్ దింపే ముందు ఇంజన్‌ని కాసేపు నడిపిస్తాడు. వేడెక్కిన నూనె పల్చబడి, మసిని కలుపుకుని వచ్చేస్తుంది. చల్లగా దింపితే కొంత అడుగునే మిగిలిపోతుంది. డ్రెయిన్ బోల్ట్ వాషర్ కొత్తది వేస్తాడు, ఫిల్టర్ తప్పకుండా మారుస్తాడు. ఎందుకంటే పాత ఫిల్టర్‌లో మిగిలిన నల్ల నూనె కొత్తదానిలో కలుస్తుంది. కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకి వేలితో ఆయిల్ రాసి చేత్తోనే బిగిస్తాడు. స్టార్ట్ చేశాక లైట్ ఆరేదాకా రేస్ ఇవ్వనివ్వడు, టర్బో బేరింగుకి నూనె చేరాలి కదా. ఆపి, సమతలంలో కాసేపు ఉంచి అప్పుడు గేజ్ చూస్తాడు. వీటిలో ప్రతిదానికీ కంపెనీ బుక్కులో కారణం వుంటుంది. ఆయన బుక్కు చదవలేదు.

చదివి వుంటే బాగుండేది, ఒక్క సంగతి కోసం. నూనెలో నలుపు ఇంజన్‌కి మంచిదే, చర్మానికి కాదు. లాంకషైర్ నూలు మిల్లుల్లో నూనెతో తడిసిన బట్టల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి చర్మ కేన్సర్ వస్తోందని 1920ల్లోనే బయటపడింది. సరిగా శుద్ధి చెయ్యని ఖనిజ నూనెల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం కేన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. వాడిన ఇంజన్ ఆయిల్‌లో కాలిన ఇంధనం నుంచి వచ్చిన పదార్థాలు ఇంకా పేరుకుంటాయి. మన షెడ్లలో పన్నెండేళ్ల షాగిర్ద్ వేడి నల్ల నూనె మోచేతిదాకా కారించుకుంటూ బోల్ట్ విప్పుతాడు. డీజిల్‌తో చేతులు కడుక్కుని, అదే నూనె తుడిచిన గుడ్డని జేబులో పెట్టుకుంటాడు. ఒక జత గ్లౌజుల ఖరీదు ఎంత? చాయ్ ఖర్చు. దింపిన నూనె సెంట్రింగ్ చెక్కలకో, చెదలు పట్టకుండా తలుపు వెనకకో పోతుంది. మిగిలింది మోరీలోకి.

ఇప్పుడు భారత్ స్టేజ్ 6 బండ్లు షెడ్డుకి రావడం మొదలైంది, వారంటీ అయిపోయినవి. వీటితో ఆట మళ్లీ తిరగబడింది. వీటి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ వుంటుంది. పట్టిన మసిని ఇంజన్ అప్పుడప్పుడూ తానే కాల్చేస్తుంది. కానీ ఆయిల్‌లోని చూనా కాలితే మిగిలే బూడిద అందులో కాలదు. పేరుకుని ఫిల్టర్‌ని మూసేస్తుంది. అంటే నలభై ఏళ్లు ఇంజన్‌ని కాపాడిన చూనాయే, ఎక్కువైతే ఇప్పుడు దుష్మన్. డబ్బా మీద సీఐ-4 అని వుంటే అది పాత దౌర్ నూనె, బూడిద ఎక్కువ. సీకే-4 అని వుంటే దానికి బూడిదలో హద్దు పెట్టారు. పాత లారీకి మంచి నూనె అని పేరున్నదాన్ని నమ్మి కొత్త బండిలో పోస్తే లక్ష రూపాయల పుర్జా పాడవ్వొచ్చు. ఆ ఫర్క్ అంతా డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో. గడువు కూడా అంతే. పెద్ద లారీలకి కంపెనీలు ఇప్పుడు 40 వేల కిలోమీటర్లు, అంతకు మించి కూడా చెప్తున్నాయి. ఐదు వేలకోసారి వచ్చే బండి ఇక అప్పుడొస్తే షెడ్డు కిరాయి ఎట్లా వెళ్తుందనేది ఇంకో హిసాబ్.

పోయిన నెల ఒక ఉస్తాద్ దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ఒక బండి గేజ్ తీసి నాకు చూపించాడు. నేను చూసింది నలుపునే, ఆయన చూపించింది మట్టం. పై గీత దాటి వుంది. "పోసింది లెక్క ప్రకారమే. రెండు నెలల్లో పెరిగింది. ముప్ఫై ఏళ్లలో నూనె తగ్గడం చూశాను గానీ పెరగడం చూడలేదు. బర్కత్ అనుకోవాలా?" అని నవ్వాడు. బర్కత్ కాదు. ఆ ఫిల్టర్‌లో మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. బండి ఎప్పుడూ గల్లీల్లోనే తిరుగుతూ, ఆ కాల్చే పని మధ్యలోనే ఆగిపోతుంటే డీజిల్ కొంత కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. నూనె పెరుగుతుంది, పల్చబడుతుంది. కిలోమీటర్లు ఎన్ని అయ్యాయని చూడకుండా దింపెయ్యాలి. నేను చెప్పింది విని ఆయన షాగిర్ద్‌ని పిలిచి, "రాసుకో. మట్టం పెరిగితే కూడా మార్చాలి" అన్నాడు. ఆ పిల్లాడు ఫోన్ తీసి ఉర్దూ అక్షరాల్లో టైపు చేసుకుని, నా వైపు తిరిగి అడిగాడు, "సాబ్, సీకే-4లో సీకే అంటే ఏంటి?"